‘మూడో అంతస్తు’ కోసం నిజ్వా నుంచి మస్కట్‌కు

శుక్రవారం ఒంటిగంటకు బస్సు. నేను పన్నెండింటికే ఒమాన్‌లోని నిజ్వా స్టాపులో నిలబడ్డాను. కచేరీ టికెట్టు జేబులో ఉందో లేదోనని పదేపదే తడిమి చూసుకున్నాను.

మస్కట్‌లో, అల్ ఖువైర్‌లోని ఒక చిన్న హాలులో సాయంత్రం ఐదింటికి కచేరీ. పాడేది హైదరాబాదు నుంచి వస్తున్న నలుగురు కుర్రాళ్లు. సినిమా పాటలు కావు. వాళ్లే రాసుకుని, వాళ్లే బాణీ కట్టుకుని ఫోన్లలో పెట్టే పాటలు. ఇదే తమ ఆఖరి కచేరీ అని, ఆ తర్వాత ఎవరి దారి వారిదని ముందే చెప్పేశారు. నేను రెండేళ్లకోసారి ఇంటికి పోతాను. పోయినప్పుడు ఎన్నడూ వాళ్ల కచేరీ లేదు. ‘మూడో అంతస్తు’ పాటను ఎదురుగా కూర్చుని వినడానికి నాకు మిగిలింది ఈ ఒక్క సాయంత్రమే.

లిఫ్టు లేని బిల్డింగులో గ్యాస్ బండ మోసే మనిషి పాట అది. ఏడు దెబ్బల నడక. చివర్న డ్రమ్ము మీద బండ దించినట్టు ఒకే ఒక్క ‘దబ్’. నేను సైటులో స్టీల్ ఫోర్‌మన్‌ని. ఏడో తరగతిలో బడి మానేసి, లెక్కలు సైటు మీదే నేర్చుకున్నాను. ఇనుప సలాకలు లెక్కపెట్టిన వేళ్లు పాట వింటున్నా ఊరుకోవు.

బయల్దేరేటప్పుడు రూమ్‌లో రాజం నవ్వాడు. “ఫోన్ల ఉన్నదే గదనే! గా ఒక్క పాటకు మస్కట్ దాంక పోతవా?”

“ఫోన్ల బిర్యానీ బొమ్మ గూడ ఉంటది. కడుపు నిండుతదారా?” అన్నాను.

నా భయమంతా తిరుగు ప్రయాణం గురించే. నిజ్వాకు ఆఖరి బస్సు ఎనిమిదింటికి. అది తప్పితే మర్నాడు ఐదింటి డ్యూటీ తప్పినట్టే. నేను చూసిన వీడియోలన్నిటిలో ‘మూడో అంతస్తు’ ఆఖరి పాట. కచేరీ ఆలస్యంగా మొదలైతే పాటకూ బస్సుకూ మధ్య ఏమీ మిగలదు.

బస్సులో పక్క వరసలో నిజ్వా ఆసుపత్రి నర్సు ఒకావిడ కూర్చుంది. పేరు రత్నకుమారి, భీమవరం దగ్గరి వాళ్లు. “ఏమండీ, ఇందాకట్నుంచి వేళ్లు లెక్కెడుతున్నారు, ఒంట్లో బానే ఉందా?” అని పలకరించింది. ఆమె కూడా అదే కచేరీకి, తిరుగు బస్సు కూడా అదే. చర్చిలో పాడుతుందట. ఈ కుర్రాళ్ల పాటలు వంట చేసుకుంటూ వింటుందట.

దారిలో బిద్‌బిద్ ఊరి దగ్గర బండ్లు బారులు తీరి ఆగిపోయాయి. ముప్పావుగంట కదల్లేదు. నా చొక్కా చెమటకు తడిసిపోయింది. మొత్తానికి నాలుగున్నరకు హాలు ముందున్నాం.

“అన్నయ్యగారూ, లోపలికి పదండి. ముందు వరస దొరుకుద్ది.”

“మీరు పోయి గూసోండ్రి సిస్టర్, నాకో సీటు ఆపుండ్రి. బస్సు స్టాపు దాంక నడిసి చూసొస్త, ఎంతసేపు పడ్తదో.”

“పాట వినడానికొచ్చి రోడ్డు కొలుస్తారా!” అని నవ్వుకుంటూ ఆమె వెళ్లిపోయింది.

మెయిన్ రోడ్డు మీది నడక వంతెన దాటి, అవతలి వైపు తిరుగు బస్సు ఆగే స్టాపు చేరాను. పద్నాలుగు నిమిషాలు. అక్కడున్న ఒక పాకిస్తానీని అడిగాను: “నిజ్వా బస్ ఇధర్ రుక్తా హై?” “హాథ్ దిఖావ్, రుకేగా,” అన్నాడు, చెయ్యి చూపితే ఆగుతుందని. మనసు కుదుటపడి ఒక చాయ్ తాగి వెనక్కి తిరిగాను. ఐదు దాటింది. నా పాట ఆఖర్నే కదా అనుకున్నాను.

హాలు వెనక గోడ పక్కన ఏసీ మిషన్లు వేడిగాలి కక్కుతున్నాయి. ఆ హోరులోంచి డ్రమ్ము వినిపించింది. వేళ్లు వాటంతటవే కదిలాయి. ఏడు. మళ్లీ ఏడు. మాట ఒక్కటీ తెలియడం లేదు గానీ పాట తెలిసిపోయింది.

పరుగెత్తాను. గేటు దగ్గర గార్డు ఆపి టికెట్టు అడిగాడు. దారంతా తడుముకున్న టికెట్టు అప్పుడు ఏ జేబులోనూ చేతికి తగల్లేదు. దొరికాక వరండా దాటి బరువైన తలుపు తోసేసరికి పాట ముగుస్తోంది. నా వెనక తలుపు మూసుకుంది. చప్పట్లు మోగాయి.

“ఇవాళ వెనకనుంచి మొదలెడతామన్నారండీ,” ఆపిన సీట్లో కూర్చున్నాక రత్నకుమారి గొంతు తగ్గించి చెప్పింది. “ఆఖరి కచేరీ కదా, మొట్టమొదట కట్టిన పాటతో ముగిస్తారంట.”

తర్వాతి రెండు పాటలూ నా చెవిన పడలేదు. ఏడుపొక్కటే తక్కువ. పాటలు వెనక్కి వెనక్కి పోతున్నకొద్దీ వాయిద్యాలు తగ్గుతూ వచ్చాయి. ఆఖరికి గిటారుతో ఒక్కడే మిగిలాడు. ఆ మొదటి పాట నాకు ఎప్పుడూ నచ్చలేదు, తాళం తప్పుతుందని. ఆ రోజూ తప్పింది. ఆ అబ్బాయి గొంతు కూడా వణికింది.

ఏడూ నలభై అయింది. నా లెక్క ప్రకారం లేవాలి.

“లేద్దామా అన్నయ్యగారూ?”

“కానియ్యుండ్రి సిస్టర్. ఇదన్న పూర్తిగ ఇంటా.”

పాట అయిపోయాక ఇద్దరం పరుగే. నడక వంతెన దిగేసరికి బస్సు వస్తోంది. చేతులు ఎత్తి ఊపాం. ఎక్కాక రత్నకుమారి ఆయాసపడుతూ, “మీరు కొలిచొచ్చారు గాబట్టి దారి తెలిసిందండీ, లేకపోతే ఈ రాత్రి ఇక్కడే,” అంది. నాకు అది ఓదార్పుగా అనిపించలేదు.

కచేరీలకు పోయేవారికి నేను చెప్పగలిగేది ఒక్కటే. ముందు లోపలికి పోయి కూర్చోండి. బస్సు సంగతి తర్వాత.

సమాయిల్ దాటాక ఆమె ఫోన్ అందించింది. “మీకు తప్పిపోయిన పాట రికార్డు చేశానండీ. వినండి.”

“గా పాట నా ఫోన్ల గూడ ఉన్నది సిస్టర్.”

“మీ ఫోన్లో ఇవాల్టిది లేదుగా.”

చెవికి పెట్టుకున్నాను. హాలంతా కలిసి పాడుతోంది. వేళ్లు లెక్కపెట్టాయి. చివర్న బండ దించిన దబ్. వెంటనే ఇంకొక దబ్, దానికంటే మొద్దుగా. మళ్లీ పెట్టి విన్నాను. రెండే.

“ఒక్కటే గదా కొట్టాలె? ఈ రెండోది ఏంది?”

“తలుపండీ బాబూ! మీరే! అందరూ వెనక్కి తిరిగి చూశారు.”

ఆ పాటను ఆ నలుగురూ ఇక ఎక్కడా కలిసి వాయించరు. వాళ్లు ఆఖరుసారి వాయించినప్పుడు వరసలో లేని ఆ ఒక్క దెబ్బ నాది. నిజ్వా చేరేదాకా ఫోన్ తిరిగి ఇవ్వలేదు. ఆమె అడగనూ లేదు.