అక్కకు మందులు, తమ్ముడికి పడక

కరోనా రెండో విడత సద్దుమణిగిన మరుసటి ఏడాది, మిర్చి సీజను మొదలయ్యే రోజుల్లో, నన్ను వార్డు పనుల నుంచి తప్పించి ఒక విచారణ మీద వేశారు. అప్పటికి నా సర్వీసు ఇంకా రెండేళ్లుంది. హోదా మెడికల్ సోషల్ వర్కర్. ఈ ఉద్యోగమంటే ఏమిటో చాలామందికి తెలియదు. మా ఆసుపత్రిలో కొందరు డాక్టర్లకే తెలియదు. జబ్బు సంగతి డాక్టరు చూస్తారు. ఆ జబ్బుతో మనిషి ఏ ఇంటికి తిరిగి వెళుతున్నాడు, అక్కడ అన్నం పెట్టేవాళ్లున్నారా, వేళకు మందు మింగే వీలుందా అన్నది మేం చూస్తాం. ఇల్లే లేని మనిషి వస్తే మా పని ఎక్కడ మొదలుపెట్టాలో మాకూ తెలిసేది కాదు.

విచారణ ఎందుకంటే, వరంగల్‌లో రోడ్ల పక్కన, మూసేసిన దుకాణాల అరుగుల మీద పడుకునేవాళ్లలో క్షయ బయటపడినవారిని ముందు ఆసుపత్రిలో ఉంచి, ఇక ఇతరులకు అంటదని తేలాక నగరంలోని రాత్రి బస కేంద్రాలకు పంపేవాళ్లం. అక్కడ మంచం, దుప్పటి, భోజనం దొరుకుతాయి. అయినా చాలామంది కొన్నాళ్లకే వెళ్లిపోయి మందులు మానేస్తున్నారు. కారణం తేల్చమని మా ప్రోగ్రామ్ ఆఫీసర్ నన్ను అడిగారు. క్షయ మందులు నెలల తరబడి ఆపకుండా వాడాలి. మధ్యలో మానేసి కనబడకుండా పోయిన రోగిని మా ఆఫీసు భాషలో 'లాస్ట్' అంటారు. మనుషులేమన్నా జేబులోంచి జారిపోయే చిల్లరా అని నేను మీటింగులో అడిగితే అందరూ నవ్వి ఊరుకున్నారు.

నిజానికి ఆఫీసులో జవాబు అప్పటికే సిద్ధంగా ఉంది. వాళ్లకు బయట పడుకోవడమే అలవాటని ఒకరన్నారు. తాగుడని ఇంకొకరన్నారు. నాకు ఒళ్లు మండింది. జవాబు ముందే తెలిస్తే నన్ను ఎండలో తిప్పడం దేనికి?

అలా వెతకవలసిన వాళ్లలో యాకమ్మ ఒకతె. వర్ధన్నపేట దగ్గరి పల్లె మనిషి, యాభైకి దగ్గర వయసు. భర్త పోయాక, వానకు మట్టిల్లు కూలాక వరంగల్ వచ్చేసింది. మిర్చి మార్కెట్లో బస్తాలు దించేటప్పుడు రాలిన కాయలు ఊడ్చుకుని, చెరిగి, చిన్న హోటళ్లకు అమ్ముకునేది. ఏళ్లుగా దగ్గుతూనే ఉంది. మిర్చి యార్డులో దగ్గని వాళ్లెవరు? అందరూ ఘాటనుకున్నారు, తనూ అలాగే అనుకుంది. నెత్తురు పడ్డాక గానీ ఆసుపత్రికి రాలేదు. పల్లెలో ఉన్నప్పుడే ఒకసారి క్షయ మందులు మొదలుపెట్టి, కాస్త తగ్గగానే నయమైందనుకుని మానేసిందని అప్పుడు తెలిసింది. ఇప్పుడు మహిళల బస కేంద్రానికి పంపితే వారం తిరక్కుండా వెళ్లిపోయింది. ఒకవైపు ఊపిరితిత్తి సగం పాడైంది, మళ్లీ మందులు ఆగితే మనిషి దక్కదు అని ఛాతీ డాక్టరు నాతో ఖచ్చితంగా చెప్పారు.

యార్డులో ఒక షెడ్డు వెనకాల దొరికింది. చేతిలో చాట, ముందర మిరపకాయల కుప్ప. నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అరవాలనుకునే వెళ్లాను, అరిచాను కూడా. మంచం ఇచ్చి, అన్నం పెట్టి, మందు చేతికిస్తుంటే కాదని ఈ ఘాటులో పడి చస్తానంటే ఎవరేం చేస్తారని అడిగాను. ఆమె చెరగడం ఆపలేదు.

"మంచం నాకిచ్చిండ్లు. మా తమ్మునికి ఎవ్వరిచ్చిండ్లు?" అంది.

తమ్ముడు అక్కడే, ఖాళీ గోనెసంచుల మీద కూర్చుని ఉన్నాడు. పేరు సోమయ్య. నలభై దాటిన మనిషి. చిన్నప్పటి నుంచి మూర్ఛ రోగం. ఎక్కువగా నిద్రలోనే వస్తుంది. అందుకని ఆమె తన కొంగు చివర అతని మణికట్టుకు కట్టి పడుకునేది, అతను కొట్టుకుంటే తనకు మెలకువ వచ్చేలా. తల్లి పోయినప్పటి నుంచీ అంతే. అతను ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఏం అడిగినా అక్క వైపు చూసేవాడు.

బస కేంద్రాల్లో ఆడవాళ్లకు వేరు, మగవాళ్లకు వేరు. రెండూ ఊరికి చెరోవైపు. ఆ నియమం తప్పని నేననను, ఆడవాళ్ల రక్షణకు అది ఉండాల్సిందే. అక్కను ఒకచోటికి పంపినప్పుడు తమ్ముణ్ణి మగవాళ్ల కేంద్రానికి పంపారు. రెండో రోజు తెల్లవారుతుండగా అతనికి ఫిట్స్ వచ్చింది. అందరూ లేచారు. ఒకరు తాళంచెవుల గుత్తి చేతిలో పెట్టారు. ఒకరు పళ్ల మధ్య గరిటె దూర్చి నోరు తెరవబోయారు. పన్ను విరిగి నోరంతా నెత్తురైంది. ఎవరి ఉద్దేశమూ చెడ్డది కాదు. ఇనుము పట్టిస్తే ఆగుతుందని మన దగ్గర పుట్టినప్పటి నుంచీ వింటున్న మాటే. కానీ ఆ నెత్తురు చూసి కేంద్రం మొత్తం బెదిరిపోయింది. కేర్‌టేకర్ ఖాజా భాయ్ అతణ్ణి బయటికి పంపేశాడు. సంగతి తెలిసి యాకమ్మ తన మంచం వదిలి వచ్చేసింది.

నేను వెళ్లి నిలదీస్తే ఖాజా భాయ్ దాచలేదు. "నేను పెద్ద చదువు చదువుకున్నోణ్ణి కాదు మేడం. ఆ మనిషికి ఈడ జర ఏమన్న అయితె జవాబ్ నేనే చెప్పాలె. నాకు భయమైంది" అన్నాడు. భయమైందని ఒప్పుకున్న మనిషి మీద నేను కోపం పెట్టుకోలేకపోయాను.

ఇద్దరికీ కలిపి ఒక చోటు కావాలని పై ఆఫీసును అడిగాను. కుటుంబాల కోసం వేరే కేంద్రం మంజూరు కాలేదని చేతులు దులుపుకున్నారు. అద్దె గది కోసం కాళ్లరిగేలా తిరిగాను. క్షయ అనగానే ఒకరు, మూర్ఛ అనగానే ఇంకొకరు తలుపేసుకున్నారు. ఆ తిరుగుడులో రోజులు పోతున్నాయి, యాకమ్మ మందులు ఆగి ఉన్నాయి, దగ్గు పెరుగుతోంది. మళ్లీ యార్డుకు వెళ్లి, నీ ప్రాణం పోతే తమ్ముడి గతేమిటని సూటిగా అడిగాను. ఆమె చాట పక్కన పెట్టింది.

తర్వాత, "వాన్ని సూసుకునుడు నేను నేర్పుత. గా బసల ఉన్నోళ్లు నేర్చుకుంటరా?" అంది.

నా సర్వీసులో ఎన్నో మీటింగుల్లో కూర్చున్నాను. ఆ ఉపాయం ఒక్క మీటింగులోనూ రాలేదు. ముందు సోమయ్యను నరాల డాక్టరుకు చూపించి, రోజూ మింగే మాత్ర రాయించాను. అన్నేళ్లలో అతనికి ఎవరూ వరుసగా మందు ఇప్పించలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం ఇద్దర్నీ మగవాళ్ల కేంద్రానికి తీసుకెళ్లాను. పనుల్లేక లోపల ఉన్నవాళ్లు చుట్టూ చేరారు. మాస్కు కట్టుకున్న యాకమ్మ తమ్ముణ్ణి చాప మీద పడుకోబెట్టి, టీచరమ్మలా పక్కన కూర్చుంది.

"కొట్టుకుంటాంటె గట్టిగ పట్టుకోవద్దు. పక్కకు ఒరిగించుండ్లి, తల కింద బట్ట పెట్టుండ్లి. నోట్ల ఏం పెట్టద్దు. తాళాలు గీళాలు వద్దు. మెల్లగ అదే ఆగుతది. లేసినంక వాడు సిగ్గుపడ్తడు. అప్పుడు సూడనట్టె ఉండుండ్లి."

"గింతేనా?" అన్నాడు ఖాజా భాయ్.

"గింతే. గని రోజూ."

ఎంతకూ ఆగకపోతే అంబులెన్సు పిలవాలన్న డాక్టరు మాట నేను కలిపాను. ఆ సాయంత్రం నుంచి సోమయ్య చాప ఖాజా భాయ్ మంచం పక్కన పడింది. యాకమ్మ ఆసుపత్రిలో మందులు మళ్లీ మొదలుపెట్టి, ఇక అంటదని తేలాక మహిళల కేంద్రానికి వెళ్లింది. మొదట్లో సరిగా నిద్రపోలేదు. "సెయ్యి ఖాళీగుంది అక్కా, నిద్ర వడ్తలేదు" అనేది. పొద్దున్నే ఊరు దాటి వచ్చి, గేటు బయట నిలబడి, తమ్ముణ్ణి చూసుకుని, అప్పుడు గానీ మాత్రలు మింగేది కాదు. ఆసుపత్రి ఆరోగ్య కార్యకర్త ఆమె మింగేదాకా ఎదురుగా ఉండాలన్నది మా పద్ధతి. పాపం ఆ పిల్ల కూడా గేటు దాకా వచ్చేది.

కొన్నాళ్లకు సోమయ్యకు మళ్లీ ఫిట్స్ వచ్చింది. ఖాజా భాయ్ ఫోన్ చేశాడు. "ఫికర్ చేయకుండి మేడం. ఒరిగించినం, ఆగింది, లేసిండు. చాయ్ తాగుతాండు" అన్నాడు. గొంతులో ఎంత గర్వమో! ఆ తర్వాత మాత్ర పనిచేసి ఫిట్స్ బాగా తగ్గాయి. సోమయ్య మిగతావాళ్లతో గవ్వల పచ్చీసు ఆటలో కూర్చోవడం మొదలుపెట్టాడు. హోటలు నుంచి కేటిల్లో అందరికీ చాయ్ తెచ్చే పని తనే పట్టుకున్నాడు. ఒకరోజు నాకూ గ్లాసు ఇచ్చి, "చక్కెర తక్వ" అన్నాడు. అతని నోట నేను విన్న మొదటి మాట అదే.

మధ్యలో ఆగినందుకు యాకమ్మ మందులు మామూలు కంటే ఎక్కువ కాలం వాడాల్సి వచ్చింది. చివరికి కఫం పరీక్షలు శుభ్రంగా వచ్చాయి. జబ్బు నయమైందని డాక్టరు చెప్పినప్పుడు ఆమె నవ్వలేదు. "ఇగ మా తమ్మున్ని తీస్కపోవచ్చునా?" అని అడిగింది. అదృష్టం కొద్దీ ఒక సేవా సంస్థ అద్దె భరించడానికి ఒప్పుకుంది, వర్ధన్నపేట రోడ్డు వైపు రేకుల గది ఒకటి కుదిరింది. నేను పొంగిపోయాను. నలుగురికీ చెప్పుకున్నాను.

తీసుకెళ్లే రోజు యాకమ్మ రెండు కొత్త పళ్లేలు, ఒక తువ్వాలు కొనుక్కుని వచ్చింది. సోమయ్య గడప దాటలేదు.

"నేన్ రానక్కా."

అర్థం కాలేదనుకుని, ఇద్దరం కలిసుండే గది, ఫ్యాను ఉంది, నల్లా ఉంది అని ఆమె వివరించింది.

"నాకెర్కే. నువ్ పో. నేన్ ఈడ్నే ఉంట."

"నిన్నెవడు సూస్తడురా?"

"ఈళ్లు సూస్తాండ్లు గద. నువ్ మంచిగ పండుకో."

ఆమె కొట్టడానికి చెయ్యెత్తింది, కొట్టలేకపోయింది. నా వైపు తిరిగింది. "నువ్వే జేసినవ్. నా తమ్మున్ని నాకు గాకుంట జేసినవ్" అంది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఏడ్చాను.

ఆమె గదికి వెళ్లలేదు. మగవాళ్ల కేంద్రానికి ఎదురుగా ఉన్న దుకాణం అరుగు మీద గోనెసంచి పరుచుకుంది. జబ్బు నయమై, చేతికి గది తాళం వచ్చిన మనిషి మళ్లీ రోడ్డు మీద పడుకుంది. నేను బతిమాలాను, తిట్టాను. మొహం తిప్పుకుంది. వానలు పట్టాయి, డాక్టరు కోప్పడ్డారు. చివరికి సోమయ్యే ఒక పొద్దున కేటిల్ పట్టుకుని రోడ్డు దాటి ఆమె దగ్గరికి వచ్చాడని ఖాజా భాయ్ చెప్పాడు. చాయ్ పోసి ఇచ్చి, పక్కన కూర్చున్నాడట. "నువ్ ఇంట్ల ఉంటె ఐతారం అన్నానికి వస్త. ఈడుంటె రాను" అన్నాడట. అక్క మాట జవదాటని మనిషి అక్కకు షరతు పెట్టాడు. ఆ సాయంత్రమే ఆమె గదికి వెళ్లింది.

విచారణ నివేదికలో రెండు సూచనలు చేశాను. పడక ఇచ్చే ముందు, ఈ మనిషి మీద ఇంకెవరు ఆధారపడి ఉన్నారో అడగాలి. బస కేంద్రాల్లో అందరికీ మూర్ఛ వచ్చినప్పుడు ఏం చేయాలో నేర్పాలి. రెండోది అమలైంది, మొదటిది కొన్నిచోట్ల అవుతోంది. నివేదికలో రాయనిది ఒకటుంది. అది రాయడానికి అప్పటికి నాకు తెలియదు. ఒకరిని కాపాడుకోవడమే బతుకుగా బతికిన మనిషి భుజం మీది బరువు మేం దించాం. దించిన చోట ఏం పెట్టాలో ఆలోచించలేదు. జబ్బు నయం చేయడం, ఇల్లు చూపించడం రెండూ మా పనే. ఆ తర్వాత ఆ మనిషి ఎవరి కోసం పొద్దున్నే లేస్తుందో చూడటం కూడా మా పనే. యాకమ్మ ఇప్పుడు వారమంతా ఒక్కతే వండుకుంటుంది. ఆదివారం నాడు ఇద్దరికి వండుతుంది. అన్నం తిని, పొద్దుగూకే ముందు సోమయ్య వెళ్లిపోతాడు. ఆమె ఆపదు.