బల్ల అన్నడా, పిల్ల అన్నడా

ఆ పొద్దు నేను మక్కసేన్ల కలుపు తీస్తున్న. ఎండ మాడు పగిలేటట్టు కొడ్తున్నది, నాకేమో సలి పెడ్తున్నది. ముందుగాల గాలి మారిందేమో అనుకున్న. జరసేపటికి పండ్లు టకటక కొట్టుకునుడు సురువైంది. పక్క సాలుల ఉన్న మా అత్తను పిలుద్దమంటె నోరు తిరుగుతలేదు. చేతిల కుర్పి కింద పడేసి గట్టు మీద ఎండల ముడుసుకోని పండుకున్న. అత్త వచ్చి సూసి, "ఇన్నేండ్లకు నీకూ వచ్చిందా? ఈ ఊరికొచ్చిన కోడండ్లకు అందరికీ వచ్చిందేనే" అని కొంగు తీసి నా మీద కప్పింది. మల్ల పోయి తన సాలు తను పట్టుకున్నది. జరం అంటె ఆ ఊర్ల సుట్టం లెక్క. వస్తది, ఉంటది, పోతది.

మా పుట్టినిల్లు ఎడపల్లి. కాలువ నీళ్లు, వరి, సెరుకు, బోధన్ ఫ్యాక్టరీకి పోయే సెరుకు బండ్లు, గివ్వే నేను సూసినయి. నాలుగో తరగతి దాక సదివిన, గందుకే ఇది నా చేతితోని నేనే రాస్తున్న. మా బాపు తన సొంత చెల్లె కొడుక్కు నన్నిచ్చిండు. మా మేనత్తనే నాకు అత్త. వాళ్ల ఊరు ఇప్పలొద్ది, నడి అడివిల ఉంటది. డిచ్‌పల్లి దాటినంక బస్సు దిగి, వాగులు దాటుకుంట నడిస్తె పొద్దుగూకె యాళ్లకు చేరుతం. వానకాలం వాగు నిండిందంటె ఇగ అంతే, పోయేటోళ్లు లేరు, వచ్చేటోళ్లు లేరు. తడకల ఇండ్లు, గడ్డి కప్పు. వాగుల ఇసుక తోడి చెలిమె నీళ్లు తాగుడు. ఎండకాలం ఇప్పపువ్వు, తునికాకు. పంట మీదికి పందులు, పంది పోతె ఎలుగుబంటి. మా పెండ్లికి వచ్చిన ఎడపల్లి సుట్టాలు ఎలుగుబంటి పేరు ఇని, ఒక్కపూట తిని మూట సదురుకున్నరు.

అక్కడి పిల్లలకు కాళ్లు, చేతులు పుల్లలు, కడుపులు మాత్రం కుండలు. కడుపుల గడ్డ అంటరు వాళ్లు. ఎందుకొచ్చిందంటె, "అడివి నీళ్లు" అంటరు. సర్కారోళ్లు గోడలకు దోమల మందు కొడ్తమని వచ్చిన్రు గాని, మా అత్త తలుపుకడ్డంగ నిలబడ్డది. గోడ ఇప్పుడే అలికినం, కోళ్లు సస్తయి అన్నది. ఆడోళ్లందరు అదే మాట. వాళ్లు మందు డబ్బాలు ఎత్తుకోని వచ్చిన తొవ్వనే పోయిన్రు.

నా జరం రోజు విడిచి రోజు వచ్చేది. ముందు సలి, తర్వాత మంట, తర్వాత సెమట. సెమట పట్టినంక లేసి మక్క గడుక కాసేది, పనికి పోయేది. గట్ల వానలు అయిపోయినయి. నడుస్తె ఆయాసం. అన్నం సగం తింటేనే కడుపు నిండినట్టు ఉండేది. ఒక నెల ముట్టు తప్పింది. రెండో నెల గూడ తప్పింది. ఎడమ దిక్కు పక్కటెముకల కింద చెయ్యి పెడితె గట్టిగ తలుగుతున్నది.

పెండ్లయి ఏండ్లు గడిచినయి, పిల్లలు లేరు. ఊర్ల ఒక్కొక్కరు ఒక్కొక్క మాట అనేది. నాకు ముట్టు తప్పిందని తెలిసిన పొద్దు మా అత్త నన్ను బిందె ముట్టనియ్యలె. "నీళ్లు పోసుకున్నవే నా తల్లి" అని నా తల నిమిరింది. నాకు ఏడ్పొచ్చింది. సంబురమా, జరమా, ఏం తెల్వలె.

వాగు తగ్గినంక మా ఆయన లింబన్న, అత్త, నన్ను తీస్కోని రోడ్డు మీది చిన్న దవాఖానకు పోయిన్రు. ఆడ డాక్టరు కోస్తా దిక్కు నుంచి కొత్తగ వచ్చిండు. ఆంధ్ర, తెలంగాణ ఒక్కటయినంక గట్ల మస్తుమంది వచ్చిన్రు. మంచోడే పాపం. గని ఆయన తెలుగు మాకు సగం తెలుస్తది, మా తెలుగు ఆయనకు పావు తెలుస్తది. బయట జనం లైను కట్టిన్రు. నా కన్నురెప్ప గుంజి సూసిండు, ఎడమ దిక్కు వేళ్లతోని ఒత్తిండు. ఒత్తుకుంటనే అన్నడు:

"కడుపులో బల్ల ఉందమ్మా. మాత్రలు ఇస్తాను, ఒక్కటి కూడా మానకుండా వాడాలి."

నా చెవులకు బల్ల అనే ఇనవడ్డది. ఆన పెట్టి చెప్తున్న, బల్ల అనే ఇనవడ్డది. గని బల్ల అంటె నాకు తెలిసింది ఎడపల్లి బడిల మేం కూసున్న చెక్క బల్ల. అది కడుపుల ఎందుకుంటది? ఆయన పిల్ల అని ఉంటడు, నా చెవులే జరానికి గుయ్యిమంటున్నయి అనుకోని, మాటను నేనే సక్క చేసుకున్న. అత్తకైతె దిద్దుకునే పనే పడలె, పిల్ల అనే ఇనవడ్డది. తొవ్వ పొడుగునా ఒక్కటే మురిపెం. మా ఆయన, "ఆడపిల్లనే అని గింత ముందుగాల ఎట్ల తెలుస్తదే?" అని అడిగిండు. "డాక్టరుకు తెల్వదా మల్ల, నీకు తెలుస్తదా?" అని అత్త కసిరింది.

మాత్రలు తెల్లగ, విషం లెక్క చేదు. క్లోరోక్విన్ అని తర్వాత తెలిసింది. ఒక్క పూట మింగితె చెవులల్ల మోత, కక్కుడు. అత్త సూసి, కడుపుతోని ఉన్నదానికి గింత చేదు మందు వేడి చేస్తది, పిల్ల నిలవదు అన్నది. మిగిలినయి తీస్కపోయి వాగుల పారేసింది. నిజం చెప్పాల్నంటె నాకు పానం నిమ్మలమైంది.

ఇగ అక్కడి సంది ఏది రోగమో, ఏది కడుపో నాకు ఒకటి గూడ అర్థం గాలె. జరం వస్తె, పిల్ల వేడి అనేది అత్త. కాళ్లు ఉబ్బితె, అందరికి ఉబ్బుతయి అనేది. ఊరి మంత్రసాని పొద్దున వచ్చి ఆముదం పెట్టి కడుపు తోమేది. పిల్ల ఎడమ దిక్కు ఒరిగింది, ఆడపిల్ల గట్లనే ఒరుగుతది అని ఖాయం చేసింది. "కదులుతున్నదా?" అని అడిగితె కదులుతున్నది అన్న. అబద్ధం కాదు. లోపల సన్నగ ఏదో తన్నింది. నేను పిట్ట లెక్క ఎండిపోతున్న, కడుపు మాత్రం పెరుగుతున్నది. అద్దంల సూసుకుంటె పెదిమెలు తెల్లగ ఉన్నయి. గని ఊర్ల మొదటిసారి నన్ను ఎవ్వలూ మాట అంటలేరు. పేరంటానికి ముందుగాల నన్నే పిలుస్తున్నరు. గది పోతదని నాకు భయం.

నన్ను బతికించింది తొలిసూరు కాన్పు పుట్టినింట్ల కావాలె అనే మన రివాజే. ఏడో నెల అని లెక్క పెట్టుకోని నన్ను కన్న మా అవ్వ కుడుకలు, అరిసెలు మూట కట్టుకోని ఎడపల్లి నుంచి వచ్చింది. గడపల నన్ను సూసి మూట కింద పెట్టింది. తెల్లారి కచ్చురం బండి కట్టిపిచ్చి, వాగు రాళ్ల మీద కుదుపులు తినుకుంట నన్ను రోడ్డుకు తెచ్చింది. నిజామాబాద్‌ల బోధన్ బస్సు కోసం నిలబడితె నా కండ్లు తిరిగినయి. మల్ల తెలివి వచ్చేటాల్లకు టౌన్ దవాఖాన మంచం మీద ఉన్న.

డాక్టరమ్మ మా దిక్కు మనిషే. ఎన్నో నెల అని అడిగింది, అవ్వ ఏడు అన్నది. గొట్టం పెట్టి నాలుగు దిక్కుల ఇన్నది. చెయ్యి పెట్టి ఎడమ దిక్కు పక్కటెముకల నుంచి బొడ్డు దాక అంచు పట్టుకోని సూసింది. లోపల పరీక్ష చేసింది. తర్వాత చేతులు కడుక్కోని మా దిక్కు తిరిగింది.

"గర్భం లేదు. ఇది స్ప్లీన్" అన్నది.

మా అవ్వ మంచం పట్టె పట్టుకోని, మెల్లగ అడిగింది: "స్ప్లీన్ అంటె ఆడపిల్లనా, అమ్మా?"

ఆమె నవ్వలె. గా మాటకు ఆమె కోపం చేస్తదేమో అనుకున్న, కోపం గూడ చెయ్యలె. కుర్చీ దగ్గరికి జరుపుకోని కూసోని, అవ్వ చెయ్యి పట్టుకోని చెప్పింది. అందరి కడుపుల ఉండేదే అది, ఇంతే ఉంటది, మలేరియా ముదిరితె ఉబ్బుకుంట కిందికి దిగుతది. "కోస్తాల దీన్ని బల్ల అంటరు. పిల్ల కాదవ్వా, బల్ల."

నేను అవుతలికి తిరిగి పండుకున్న. డాక్టరు చెప్పింది చెప్పినట్టే ఉండె. నా చెవులు ఇన్నది ఇన్నట్టే ఉండె. మరి పిల్ల ఎక్కడి నుంచి వచ్చింది మా నడుమకు? గదే నాకు తెల్వలె.

వేలు పొడిసి రక్తం స్లైడు తీసిన్రు, మలేరియా పాజిటివ్ అన్నరు. అనీమియా మస్తుగ ఉన్నది, ముట్టు తప్పింది గూడ గందుకే అన్నరు. బాపు ఎడపల్లి నుంచి ఉరికొచ్చి తన రక్తం ఇచ్చిండు. సూది జూస్తె మొకం తిప్పుకునే మనిషి. మంత్రసాని తోమిన సంగతి చెప్తె డాక్టరమ్మ తల పట్టుకున్నది. స్ప్లీన్ పగిలి ఉంటె మనిషి దక్కకపోతుండె, ఇగ ఎవ్వలినీ చెయ్యి పెట్టనియ్యకున్రి అన్నది.

ఇంటికొచ్చినంక బాగైన అనుకున్న. నెల గడిచిందో లేదో మల్ల సలి. రిలాప్స్, జరం తిరగబడ్డది అన్నరు, పురుగు కాలేయంల దాసుకుంటది, దానికి ప్రైమాక్విన్ అని వేరే మందు అన్నరు. ఈ సారి అవ్వ ముందట కూసోని, నోరు తెరిపిచ్చి సూసి మింగిపిచ్చింది. జరం తెగింది. పెదిమెలు ఎర్రగైనయి. కడుపు తగ్గుడు సురువైంది.

గది ఎట్ల చెప్పాల్నో నాకు ఇప్పటికీ తెల్వదు. డాక్టరమ్మ ప్రతిసారి చెయ్యి పెట్టి, "శభాష్, ఇంక రెండు వేళ్లు తగ్గింది" అనేది. మా అవ్వ సంబురపడేది. నేను బస్సుల ఏడ్సుకుంట వచ్చేది. నేను బాగైతున్న కొద్దీ అది పోతున్నది. సచ్చిందెవ్వలని ఏడుస్తవే అన్నది అవ్వ ఒక పొద్దు, బతిమిలాడుకుంటనే. నిజమే, ఎవ్వలు సావలె. పీనుగ లేదు, పెద్దకర్మ లేదు. మరి ఏడ్పెందుకు వస్తున్నది?

మా ఆయన ఆ యేడు సెరుకు కొట్ట ఎడపల్లి దిక్కు వచ్చిండు. పని కాంగనే వచ్చి అరుగు మీద కూసున్నడు. సెరుకాకు గీసిన చేతులు సూసుకున్నడు. తర్వాత అడిగిండు: "కదిలిందంటివి గదా?"

"కదిలింది" అన్న.

అతను తల ఊపిండు.

ఇప్పుడు నా పానం మంచిగున్నది. మల్ల ఇప్పలొద్దికే వచ్చిన. మందు కొట్టేటోళ్లు వస్తె అత్తనే కోళ్లను గంప కింద కమ్మి, తలుపులు తెరుస్తది. జరం తెగిన కొన్నేండ్లకు నాకు కొడుకు పుట్టిండు. అప్పుడు గూడ ముట్టు తప్పంగనే నేను ముందుగాల అడిగింది స్లైడే. నెగెటివ్ అంటె, "మరి గిదేంది?" అని డాక్టరమ్మతోని లొల్లి పెట్టుకున్న. ఇది నిజంగ పిల్లనే అని ఆమె మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. వాడు మొదటిసారి కదిలిన పొద్దు నేను సంబురపడలె, భయపడ్డ. ముందుగాల కదిలింది గూడ గట్లనే ఉండె.

సదివేటోళ్లకు నేను చెప్పేది ఒక్కటే. డాక్టరు చెప్పిన మాటను ఆడనే, లేసే ముందట, మీ మాటల్ల తిరిగి చెప్పున్రి. "కడుపుల పాప ఉన్నదంటున్నవు, అంతేనా సారూ?" అని మేం ముగ్గురిల ఎవ్వలన్న అడిగి ఉంటె ఆడనే తేలిపోతుండె. సిగ్గుపడకున్రి. వాళ్లు కసిరినా సరే, అర్థమైందని తల ఊపకున్రి.

మా అత్త ముసలిదైంది. దారిన పోయేటోళ్లు పిల్లలెంతమంది అని అడిగితె, "ఒక మనుమరాలు, ఒక మనుమడు" అని చెప్తది. వాళ్లు మనుమరాలి కోసం ఇంట్లకు తొంగి సూస్తరు. నేను పొయ్యి కాడ కూసోని ఇనుకుంటనే ఉంట. దిద్దుదమని నోటిదాక వస్తది. దిద్ద.