పల్లకి ముందు నడిచిన గొంతు

శేషాచార్యులు స్వామి పరమపదించారని ఆళ్లగడ్డ నుంచి ఫోను వచ్చినప్పుడు, నంద్యాలలోని నా రికార్డింగు గదిలో ఆయన చదివిన మైకు ముందే కూర్చుని ఉన్నాను. నాకు అక్షరం పలకడం నేర్పిన గురువాయన. ఆ మహనీయుని కంఠం మరణానికి చాలా ముందే మూగవోయిందని మీలో చాలామందికి తెలియదు. ఎందుకు మూగవోయిందో చెప్పకుండా నివాళి రాయడం నాకు చేతకాదు.

అహోబిలంలో తరతరాల అర్చక కుటుంబం వారిది. పార్వేట ఉత్సవానికి నరసింహస్వామి పల్లకి కొండ దిగి ఊరూరా తిరిగే రోజుల్లో, ఒక ఊరు ముందుగా వెళ్లి మైకులో చెప్పేది ఆయనే. “సామి వస్తాండాడు, వాకిండ్లు కడుక్కోండి” అని ఆ గంభీర స్వరం వినబడితే చాలు, చేలో ఉన్నవాళ్లు సైతం ఇంటిదారి పట్టేవారు. ఒకసారి వంక పొంగి పల్లకి వెనకబడింది. తాను చెప్పిన వేళ తప్పిపోతుందని స్వామి మోకాటిలోతు నీళ్లలో ఎదురువెళ్లి బోయీలకు భుజం కలిపారు. అప్పటికే అరవై దాటిన మనిషి. ఎందుకు స్వామీ ఈ అవస్థ అని నేనడిగితే, “చెప్పినాక రాకపోతే ఎట్లప్పా” అన్నారు. అంతే ఆయన ధర్మశాస్త్రం.

నా వృత్తి వేరు. ఎన్నికలొస్తే ఆటోల్లో తిరిగే ప్రచార ప్రకటనలు నా గదిలోనే తయారవుతాయి. ఈ విద్యలో మర్మాలు కొన్నే. అభ్యర్థి పేరు మొదట రాకూడదు. జనం నమ్మే గొంతు కావాలి, దాని వెనక వాళ్లకు పవిత్రమైన వాద్యమేదో మోగాలి. ఒకే మాటను మూడుసార్లు చెప్పాలి. పొగడ్త సాయంత్రానికి మరిచిపోతారు, భయం మాత్రం పోలింగు రోజుదాకా ఉంటుంది. అందుకని పోయిన ఎన్నికల్లో పార్వేట నాదస్వరం వేసి, స్వామి గొంతుతో ఒక ప్రకటన చేయించాం. మొదట ఆయన ఒప్పుకోలేదు. శిష్యుణ్ణని బతిమాలితే వచ్చారు. చేతికందిన కాగితంలో ఉన్నది ఇంతే: అవతలి పార్టీ గెలిస్తే మీ కాలువకు చుక్క నీళ్లు రావు. స్వామి అద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదువుకుని, మైకు ముందు నిలబడ్డారు.

అవతలి పార్టీయే గెలిచింది. కోయిలకుంట్ల దారిలోని ఒక ఊళ్లో, ఏటా పల్లకికి పందిరి వేసే ఓబులేసు అనే రైతు ఇంక నీళ్లు రావని వరి నారు పోయలేదు. అతన్ని చూసి ఇరుగుపొరుగు కూడా మడులు బీడు పెట్టారు. ఆ ఏడు కాలువ నిండుగా పారింది. గట్టు పక్కనే నెర్రెలిచ్చిన మడిని చూసి స్వామి బిత్తరపోయి కారణం అడిగారట. ఓబులేసు కోపం కూడా పడలేదు. “నువ్వే గదా స్వామీ చెప్తివి. సామి వస్తాండాడని చెప్పే గొంతు అబద్ధం చెప్తాదా?” అన్నాడు.

ఆ మాట ఆయనను నిలువునా కోసేసింది. మరునాడే మైకు కట్టిన ఆటో ఒకటి మాట్లాడుకుని ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగారు. “నేను చెప్పింది అబద్ధం. నన్ను క్షమించండి” అని వీధివీధినా వేడుకున్నారు. పక్కన కూర్చున్నది నేనే. జనం గుమ్మాల్లోకి వచ్చి విన్నారు, తలలు ఊపారు. ఒక పెద్దావిడ మాత్రం ఆటో దగ్గరకొచ్చి ఎంతో మర్యాదగా అడిగింది.

“ఈతూరి ఎవురు చెప్పమన్న్యారు స్వామీ?”

స్వామి మైకు ఆపేశారు. ఆ తర్వాత ఆయన బహిరంగంగా నోరు విప్పలేదు. మొన్నటి పార్వేటకు పల్లకి ఏ కబురూ లేకుండా ఊళ్లలోకి వచ్చింది, సగం వాకిండ్లు కడగనే లేదు. స్వామి అరుగు మీద కూర్చుని దూరంగా వినిపించే నాదస్వరానికి చెవులు మూసుకున్నారని వారి ధర్మపత్ని చెప్పి ఏడ్చారు. అన్నం తగ్గింది, మనిషి శుష్కించిపోయారు. వైద్యులు గుండె అన్నారు.

దహనసంస్కారానికి ఓబులేసు వచ్చాడు. ఆ కాగితం రాసిందెవరో స్వామి పోయేదాకా చెప్పలేదని, నీకేమన్నా తెలుసా అన్నా అని నన్నడిగాడు. నేను తల అడ్డంగా ఊపాను.

రాసింది నేను. ఆరోజు మైకు ముందుకు పోతూ స్వామి వెనుదిరిగి, “ఇది నిజమేనా నాయనా?” అని అడిగారు. నిజమే స్వామీ అన్నాను. నేనన్నానని ఆయన నమ్మారు, ఆయనన్నారని ఊరు నమ్మింది. ఆటోలో వీధివీధినా ‘నేను’ అన్నారే గాని ఒక్కసారి నా వైపు వేలు చూపలేదు ఆ పుణ్యమూర్తి. గురువర్యా, మీ పాదాల దగ్గర పెట్టడానికి ఈ నిజం తప్ప నా దగ్గరేమీ లేదు. అది కూడా ఆలస్యంగా తెచ్చాను. మీలాంటి గొంతు మా సీమకు మళ్లీ రాదు, వచ్చినా మా జనం నమ్మరు. ఆ నమ్మకాన్ని నేను తినేశాను.

ఓబులేసుకు ఇది చదివి వినిపించమని ఆ ఊరికి పంపుతున్నాను. అంతా విన్నాక అతను అడగబోయేది నాకిప్పుడే వినిపిస్తోంది: ఇది రాయమని ఎవురు చెప్పినారన్నా?