చక్రాలమ్మ రాసిన నియమం

ఆఫీసులో అందరూ ఆమెను చక్రాలమ్మ అంటారు. ఒక ఆస్పత్రి కంప్యూటర్ గదిలో పదిహేనేళ్లుగా ఉద్యోగం చేస్తోంది గానీ, కుర్చీలో పట్టుమని పది నిమిషాలు కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు.

కంప్యూటర్‌ను ప్రశ్నలడగడం ఆమె పని. ఈ రోగికి ఈ జబ్బు, ఈ జబ్బుకు ఈ మందు, ఈ మందు ఫలానావారికి పడదు. ఇలాంటి చిన్న చిన్న సంగతులు నాలుగు ఆస్పత్రుల నుంచి వచ్చి, చుట్టరికం కలిసినట్టు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. వాటి మీద ఆమె నియమాలు రాస్తుంది. ‘ఈ జబ్బు ఉండి, ఈ మందు పడదని ఎక్కడా లేకపోతే, ఇవ్వవచ్చు’ అని రాస్తే చాలు, పేర్లు వాటంతటవే వరుసకడతాయి.

ఆ రోజు ఒక ఇంజెక్షన్ కోసం నలభై పేర్లు వచ్చాయి. జాబితా మూడంతస్తుల పైనున్న వార్డుకు పంపించి క్యారేజీ విప్పింది. రెండో ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయింది. నాలుగో ఆస్పత్రి నుంచి సమాచారం రావడం మానేసి నెల దాటింది. అక్కడి నుంచి వచ్చిన రోగులకు ఏం పడదో ఇక్కడ ఎలా తెలుస్తుంది? తన నియమమేమో కనిపించనిదల్లా లేనట్టే లెక్క వేసింది.

వార్డుకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. లిఫ్టు కోసం ఆగే ఓపిక లేక, ఎంగిలి చేత్తోనే మూడంతస్తుల మెట్లు ఎక్కేసింది.

పద్నాలుగో మంచం దగ్గర పెద్ద నర్సు సిరంజిలోకి మందు ఎక్కిస్తోంది. మంచం మీద ఒక దర్జీ మగతగా పడి ఉన్నాడు, పక్కన స్టూలు మీద అతని భార్య.

“అక్కా, ఒక్క నిమిషం ఆగు,” అంటూనే చక్రాలమ్మ ఆవిడ వైపు తిరిగింది. “అమ్మా, ఈ మందు మీ ఆయనకి ఇదివరకు ఎప్పుడైనా ఇచ్చారా?”

ఆవిడ ట్రేలోని మందు సీసా అందుకుని పేరు చదివింది. “ఇదేనమ్మా. పోయిన నెల ఇక్కడికి రాకముందు ఉన్న ఆస్పత్రిలో ఇస్తే మొహం వాచిపోయి ఊపిరాడలేదు. వాళ్లు రాసుకున్నారుగా, మీకూ తెలుసనుకున్నాను.”

నర్సు సిరంజి ట్రేలో పెట్టేసింది.

“ఇప్పటికి ఎంతమందికి ఇచ్చావక్కా?”

“ఆరుగురికి.”

ఇద్దరూ ఆ ఆరు మంచాలూ తిరిగారు. అయిదుగురు బాగానే మాట్లాడారు. ఆరో మనిషి నిద్రలో ఉంటే, చక్రాలమ్మ వంగి అతని ఊపిరి విని, అది చాలక భుజం తట్టి లేపింది. అతను విసుక్కున్నాడు. ఆ తిట్లకు ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

“పోనీలే, కంప్యూటర్ తప్పేగా,” అంది నర్సు.

“కాదక్కా. నాదే.”

దర్జీ భార్య వెనకే వచ్చి నిలబడింది. కోపం లేదు, అలసట ఉంది. “మిగతావాళ్లని కూడా అడుగు తల్లీ. నాలాగే వాళ్లూ మీకు తెలుసనే అనుకుంటుంటారు.”

చక్రాలమ్మ జాబితా చేతిలోకి తీసుకుని పదిహేనో మంచం దగ్గరికి వెళ్లింది.