ఒక చేత్తో తెరుచుకునే మూత

2024 ఆగస్టు నెల. ఏలూరులో మెయిన్ రోడ్డు పక్కన మాకో లాప్‌టాప్‌ల షాపు ఉంది. మేడ మీద రిపేర్లు మా ఆయన చూస్తారు, కింద అమ్మకాలు నేను చూస్తాను. ఇంజనీరింగ్ సీట్లు ఖరారయ్యే ఆ రోజుల్లో షాపులో నిలబడడానికి చోటుండదు. అందరూ ఇంచుమించు ఒకే ప్రశ్నలు అడుగుతారు. ర్యామ్ ఎంత, అంటే ఒకేసారి ఎన్ని పనులు మోయగలదు. ఎస్‌ఎస్‌డీ ఎంత, అంటే లోపల ఎంత దాచుకోవచ్చు. ఏళ్ల తరబడి చెప్పీ చెప్పీ ఆ జవాబులు నాకు నోటికి వచ్చేశాయి.

ఆ రోజు పొద్దుట్నుంచీ మబ్బుగా ఉంది. వాన పడదు, గాలి లేదు, ఒకటే ఉక్క. భోజనాల వేళకి ఒక తండ్రీ కూతురూ వచ్చారు. తండ్రి పేరు ఏడుకొండలు. ముదినేపల్లి అవతల చేపల చెరువుల మీద పని చూస్తారు. కూతురు భవానికి తాడేపల్లిగూడెం దగ్గరి కాలేజీలో కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చింది. హాస్టల్లో ఉండి చదువుకోవాలి.

"మంచిది చూపించండి మేడంగారూ. చదువు అయ్యేదాకా ఇబ్బంది పెట్టకూడదండి," అన్నారాయన.

కుర్చీ వేశాను. కూర్చున్నారు గాని మనసు ఇక్కడ లేదు. మాటిమాటికీ ఫోన్ మోగుతోంది. మబ్బు పట్టిన రోజున చెరువు నీళ్లలో ఆక్సిజన్ తగ్గిపోతుందట, చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయట. "ఏరియేటర్లు ఆపకండి, నేనొచ్చేస్తున్నా," అని ఫోన్‌లో చెబుతూనే ఉన్నారు. నీటిని చిలికి గాలి కలిపే యంత్రాలవి.

భవాని అసలు కూర్చోలేదు. అద్దాల అలమర్ల వెంబడి ఆ చివరికీ ఈ చివరికీ నడుస్తోంది. చున్నీ ఎడమ భుజం మీంచి మోచేతి కిందిదాకా కప్పుకుంది. నేను ఒక్కో లాప్‌టాప్ మూత తెరిచి స్క్రీన్ చూపిస్తుంటే, ఆ పిల్ల స్క్రీన్ వంక చూడడం లేదు. వంగి పక్కనుంచి చూస్తోంది, అంచులు చూస్తోంది. ఒక్కదాన్నీ ముట్టుకోలేదు.

"ఏం కావాలమ్మా నీకు? గేమ్స్ ఏమైనా ఆడతావా?" అని అడిగాను.

"లేదండి."

"వీడియో ఎడిటింగ్?"

"లేదండి. చదువుకేనండి."

ఇంతలో ఏడుకొండలు గారు లేచి అన్నింటిలోకీ పెద్ద స్క్రీన్ ఉన్నదాని మీద చెయ్యి వేశారు. "ఇది ఇచ్చేయండి. కళ్లకి హాయిగా ఉంటుంది."

"ఒద్దు నాన్నా."

"ఏం తక్కువైందే దీనికి?"

ఆమె షాపు బయటికెళ్లి రోడ్డువైపు తిరిగి నిలబడింది. ఆయనకి నా ముందు చిన్నతనంగా అనిపించినట్టుంది. "పొద్దున్నుంచీ ఇదే వరసండి. ఏ షాపులోనూ నచ్చలేదంటుంది. ఎందుకు నచ్చలేదో చెప్పదు. సీటొచ్చిన దగ్గర్నుంచీ ఇలాగే ఉందండి. అన్నం కూడా సరిగా తినడం లేదు. అసలు కాలేజీకి వెళ్లనంటుందేమోనని వాళ్లమ్మ భయం," అన్నారు. ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి ట్రాఫిక్ రొదలో వినపడక మాట్లాడుకుంటూ పక్క సందులోకి వెళ్లారు.

ఆయన అటు వెళ్లగానే భవాని గబగబా లోపలికి వచ్చింది. కౌంటర్ దగ్గరికి చేరి గొంతు తగ్గించి అడిగింది.

"ఆంటీ, మూత ఒక చేత్తో తెరుచుకునేది ఉందాండి?"

ఎన్నో వేల ప్రశ్నలు విన్నాను గాని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నా మొహం చూసి ఆమే చున్నీ తొలగించింది. ఎడమచెయ్యి వేలాడుతోంది. పుట్టినప్పుడే భుజం దగ్గర నరం దెబ్బతిన్నదట. చెయ్యి లేవదు, వేళ్లకి పట్టు లేదు.

"ఇంటర్‌లో ఇబ్బంది లేదండి, ల్యాబ్‌లో పెద్ద కంప్యూటర్లే. మొన్న మా బావ లాప్‌టాప్ తెరవబోయానండి. మూత పట్టుకుని ఎత్తితే కిందిది కూడా దాంతోపాటే లేచొచ్చింది. అందరూ చూస్తుండగానే బల్ల మీంచి జారిపోయింది. నాన్నతో చెప్పలేదండి, చెప్తే నేను తెరిచి పెడతాలేమ్మా అంటారు. కాలేజీలో నాన్న ఉండరు కదండీ."

నేను ఓదార్పు మాటలు చెప్పలేదు, ఆ పిల్ల వాటి కోసం రాలేదు. నా ఎడమచెయ్యి వెనక్కి పెట్టుకుని డెమో పీసులు వరసగా తెరవడం మొదలుపెట్టాను. పలచగా, తేలికగా, నాజూకుగా ఉన్నవాటిల్లో చాలావరకు కిందిభాగంతో సహా లేచాయి. మూతనీ కీబోర్డునీ కలిపే బందుని హింజ్ అంటాం. అది బిగువుగా ఉండి, కిందిభాగం తేలికైతే అంతే. ఇన్నేళ్లుగా అమ్ముతున్న సరుకే, నా చేతికి కొత్తగా ఉంది. మేడ మీంచి మా ఆయన్ని పిలిచాను. ఆయనా ఒక చెయ్యి జేబులో పెట్టుకుని ప్రయత్నించి, తలూపి లోపల అలమర వెతికారు.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి కొత్తది, తేలికైనది, మూత చక్కగా లేస్తోంది. కానీ దానికి కుడివైపు కంట్రోల్ కీ లేదు, ఒక్క కుడిచేత్తో రెండు కీలు కలిపి నొక్కాలంటే అదే కావాలి. ఈ మధ్య కొన్ని మోడళ్లలో తీసేస్తున్నారు. కుడివైపు షిఫ్ట్ కీ కూడా చిన్నదే. రెండోది ఆఫీసుల కోసం చేసిన మోడల్. పాత డిజైన్, దిట్టంగా బరువుగా ఉంటుంది, కంటికి ఆనదు. ఆ బరువు వల్లే మూత ఎత్తినా కదలదు. కీలన్నీ ఉన్నాయి.

మా ఆయన అందులో స్టిక్కీ కీస్ పెట్టి చూపించారు. రెండు మూడు కీలు ఒకేసారి నొక్కాల్సిన చోట ఒకదాని తర్వాత ఒకటి నొక్కుకునే సదుపాయం అది. భవాని నిలబడే టైప్ చేసింది. కుడిచెయ్యి కీబోర్డు ఈ చివరనుంచి ఆ చివరికి వేగంగా తిరుగుతోంది. తర్వాత మూత వేసి, ఒంటిచేత్తో దాన్ని చంకకి అదిమిపట్టుకుని, మా అనుమతి కూడా అడక్కుండా మేడమెట్లెక్కేసింది. దిగింది. మళ్లీ ఎక్కింది. జారుతుందేమోనని నేను మెట్ల మొదట్లోనే నిలబడ్డాను. జారలేదు.

అప్పటికి ఏడుకొండలు గారు తిరిగొచ్చారు. మబ్బు ఇంకా దట్టమైంది, వెళ్లిపోవాలన్న తొందర ఆయన మొహంలో కనిపిస్తోంది. బల్ల మీద ఉన్నదాన్ని చూసి నొచ్చుకున్నారు.

"ఇదేంటమ్మా, ఇటుకలా ఉంది. పాత మోడల్‌లా కనపడుతోంది. నీకు కొత్తదే తీసుకుందామనుకున్నాం కదా. ఏదీ, లోపలెలా ఉందో చూద్దాం," అంటూ మూత మీద చెయ్యి వేశారు.

"నువ్వాగు నాన్నా," అంది భవాని.

ఆయన చెయ్యి తీసేశారు. ఆమె బొటనవేలు అంచు కింద పెట్టి మూత ఎత్తింది. కిందిభాగం బల్లకి అతుక్కున్నట్టే ఉండిపోయింది. స్క్రీన్ వెలిగింది. మళ్లీ మూసింది, మళ్లీ తెరిచింది. ఆయనకేసి చూడకుండానే అంది, "పొద్దున్నుంచీ వెతుకుతున్నది దీని కోసమే."

ఆయన జేబులో ఫోన్ మోగింది. తీయలేదు. అది మోగి మోగి ఆగిపోయింది. "ఈ మాట నాతో చెప్పొచ్చు కదమ్మా," అన్నారు.

"చెప్తే నువ్వు తెరిచి పెడతానంటావు."

ఆయన తల పక్కకి తిప్పుకున్నారు. ఆ తర్వాత కుర్చీ లాక్కుని, వచ్చిన దగ్గర్నుంచీ మొదటిసారి నిదానంగా కూర్చున్నారు. "చెరువు సంగతి వాళ్లు చూసుకుంటార్లెండి. మీరు అన్నీ సరిగా పెట్టివ్వండి," అన్నారు నాతో.

అమ్మేశాను గాని నాకు కుదురు లేకపోయింది. అంత బరువు ఆ పిల్ల చేత మోయించానే, రోజూ హాస్టల్ నుంచి క్లాసుకి ఎలా మోస్తుందో అని ఆ వానాకాలమంతా మనసులో పీకుతూనే ఉంది. ఫోన్ చేద్దామనుకుని మానేసేదాన్ని. సెమిస్టర్ పరీక్షలయ్యాక ఒకరోజు తనే బస్సెక్కి వచ్చింది, ఛార్జర్ వైరు పాడైందని. చున్నీ మామూలుగా రెండు భుజాల మీదా ఉంది.

"బరువుగా ఉందా అమ్మా?" అన్నాను.

"ఉందండి. భుజం లాగేస్తోంది," అంది. వైరు సంచిలో పెట్టుకుంటూ, "కానీ క్లాసులో తెరిచేటప్పుడు ఎవరూ నాకేసి చూడరండి," అంది.

ఇప్పుడు నేను కొనడానికి వచ్చినవాళ్లకి మూత తెరిచి చూపించడం మానేశాను. మూత వేసినట్టే వాళ్ల ముందు పెట్టి, నా చేతులు వెనక్కి తీసుకుంటాను. తర్వాత వాళ్లు ఏం చేస్తారో చూస్తాను. ర్యామ్ గురించి, ఎస్‌ఎస్‌డీ గురించి అడిగేదాకా ఆగుతాను. చాలామంది తమకి నిజంగా ఏం కావాలో నోటితో అడగరు.