కదలని గీత

2003 వేసవిలో నన్ను అమీర్‌పేట ఆఫీసులో లెక్కల పాఠాల రూపకర్తగా వేశారు. అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటర్ మీద, ప్లాస్టిక్ పుల్లతో తాకుతూ నేర్చుకునే అభ్యాసాలు తయారు చేయాలి. ఏ తెర మీద ఏం కనిపించాలో, తాకితే ఏం జరగాలో నేను కాగితం మీద రాస్తాను. దాన్ని స్టోరీబోర్డు అంటారు. ప్రోగ్రామర్ యాదగిరి దానికి ప్రాణం పోస్తాడు. కిటికీ అవతల కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చునేవి. ఇవతల మేమిద్దరం ఒక గీతను వాలుస్తూ, లేపుతూ, పొద్దు ఎటు పోయిందో తెలియకుండా గడిపేవాళ్లం. ఆ మధ్యాహ్నాలు నాకిప్పటికీ కలలాగే ఉంటాయి.

మా మేనేజరుగారికి నిశ్శబ్దం గిట్టదు. పిల్లలు కాసేపు తెరను తాకకపోతే పరికరం కూత పెట్టి, గీతను చెరిపి, సూచన చూపించాలని ఆయన నియమం. కదలకపోతే నిద్రపోతున్నట్టే లెక్కట!

పంజాగుట్టలోని ఒక జూనియర్ కాలేజీలో పరీక్షించి చూశాం. అక్కడ కృప అనే అమ్మాయి ఇంటర్ లెక్కల్లో తప్పింది. సప్లిమెంటరీ కూడా పోతే చదువు మాన్పించి సనత్‌నగర్‌లో ప్యాకింగ్ పనిలో పెడతామని ఇంట్లో తేల్చి చెప్పేశారు. గీత వాలును m అంటారని, ఎంత పైకెక్కిందో దాన్ని ఎంత పక్కకి జరిగిందో దాంతో భాగించాలని బట్టీ పట్టింది గానీ, ఆ వాలు మారడం ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు కళ్లార్పకుండా చూస్తోంది. అంతలో కూత. గీత మాయం. మళ్లీ మొదలు, మళ్లీ కూత. చివరికి పరికరాన్ని బోర్లా పెట్టేసి, "నాకు లెక్కలు రావు మేడమ్, వదిలేయండి" అంది. నాకు ఒళ్లు మండిపోయింది, ఆ పిల్ల మీద కాదు.

"పిల్ల సోంచాయిస్తున్నది మేడమ్, ఆలోచన నడుస్తున్నది, మనమే ఆగుతలేం. గా కూత నేను తీసేస్త, సార్‌కు మీరు చెప్పుకోండ్రి" అన్నాడు యాదగిరి.

మర్నాడే మాకు పని అప్పగించిన కంపెనీ పెద్దాయన చూడ్డానికి వస్తున్నాడు. కూత తీసేశామని చెబితే, తెర చచ్చినట్టు పడి ఉంటే ఆయన ఏమనుకుంటాడని మేనేజరుగారు కేకలేశారు. పెద్దాయన్ని కృప పక్కనే కూర్చోబెట్టండి, బెడిసికొడితే నన్ను తీసేయండి అన్నాను.

మర్నాడు కాలేజీలో, ఈసారి కూత ఉండదని చెప్పాక కృప గీతను చూస్తూ కూర్చుంది. ఫ్యాను తిరుగుతోంది. బస్సుల హోరు ఎక్కడో దూరంగా వినిపిస్తోంది. పెద్దాయన వాచీ చూసుకున్నాడు. అప్పుడు కృప పుల్ల ఆనించి గీతను మెల్లగా పడుకోబెట్టింది. పక్క గడిలో m సున్నా అయింది. లేపింది, అంకె పెరుగుతూ పోయింది. నిటారుగా నిలబెట్టగానే అంకె ఉండే గడి ఖాళీ అయిపోయింది.

"నిలబడితే దీనికి నంబరే ఉండదా మేడమ్?"

ఎందుకో నువ్వే చెప్పు అన్నాను. గీతను కాస్త వాల్చి, మళ్లీ నిలబెట్టి చూసింది.

"పక్కకి అసలు జరగలేదు కదా. ఇంక దేంతో భాగిస్తాం?"

పెద్దాయన ఇంకోసారి వాచీ చూడలేదు. కృప సప్లిమెంటరీ గట్టెక్కింది. నేను రిటైరయ్యేదాకా రాసిన ప్రతి స్టోరీబోర్డులోనూ సూచన విద్యార్థి అడిగితేనే వచ్చేది. తెర కదలడం లేదంటే పాఠం ఆగిపోయిందని కాదు.