చాందిని తలంటు

మా భిలాయి కోహ్కా పేటలో అప్పలసూరిని గుర్రాలాయన అంటారు. ఉన్నది ఒకటే గుర్రం అనుకోండి. తండ్రి స్టీలు ప్లాంటులో రైలు పట్టాలు చేస్తే కొడుకు పెళ్ళికొడుకుల్ని మోయిస్తున్నాడని మనవాళ్ళు వేళాకోళం చేస్తారు. చేస్తే చేయనీండి. ఇక్కడివాళ్ళ బరాత్‌లో, అదే పెళ్ళి ఊరేగింపులో, తెల్లగుర్రం లేనిదే పెళ్ళికొడుకు గడప దాటడు. ఆ తెల్లగుర్రం పేరు చాందిని. అప్పలసూరికీ వరలక్ష్మమ్మకీ పిల్లల్లేరు. చాందిని ఉండగా వాళ్ళ మీద ఎవరూ జాలి పడనక్కర్లేదు.

అప్పలసూరి పక్కూరు దుర్గ్‌లో గుర్రాలు సాకే ఒక ముసలాయన దగ్గర పని నేర్చుకున్నాడు. ఆయన పెట్టిన నియమం ఒకటే: దీపావళి నుంచి శివరాత్రి దాకా గుర్రం ఒంటి మీద చుక్క నీరు పడకూడదు. ఖరహరా అనే ఇనుప దువ్వెనతో మట్టి రాల్చి, ఆనక గోనెతో రుద్ది మెరుపు తేవాలి. చలికి పెరిగిన బొచ్చు తడిస్తే త్వరగా ఆరదు. చలి లోపలికి దిగిపోతుంది. ఈ నియమాన్ని అప్పలసూరి ఇరవయ్యేళ్ళు ప్రాణంలా పాటించాడు గానీ, పెళ్ళానికి ఒక్కసారీ చెప్పలేదు. గుర్రం పని తనది, వంట పని ఆమెది. నోట్లో ముత్యాలు దాచుకున్నాడేమో మహానుభావుడు!

మొన్న మార్గశిర లక్ష్మివారం. మా శ్రీకాకుళం వైపు ఆడవాళ్ళం ఆ గురువారం తెల్లారకముందే తలంటుకుని, ఇల్లు కడిగి, లక్ష్మీపూజ చేసుకుంటాం. భిలాయి వచ్చినా మానలేదు. అప్పలసూరి దాణా కోసం పెందలాడే దుర్గ్ వెళ్ళాడు. సాయంత్రం నెహ్రూ నగర్‌లో బరాత్ ఉంది. వరలక్ష్మమ్మ తలంటుకుని, ఇంటి లక్ష్మికి మాత్రం తలంటు వద్దా అనుకుంది. చాందిని మెడ మీద పాత పెళ్ళి పసుపు మరక కూడా ఉంది. కుంకుడురసం చాలలేదని పక్కనే ఉన్న మా ఇంటికొచ్చింది. గిన్నె నిండా పోసి ఇచ్చింది నేనే. దాచడమెందుకు?

ఏడింటికి అప్పలసూరి వచ్చేసరికి మంచు ఇంకా విడలేదు. చాందిని నిలువునా తడిసి, తోక బిగబట్టుకుని వణుకుతోంది. నుదుట కొత్త కుంకుమ బొట్టు. ముందున్న గడ్డి ముట్టుకోలేదు. అప్పలసూరి దాని చెవి పట్టుకున్నాడు. దాణా బస్తా భుజం మీంచి జారి కింద పడింది.

"ఏటి సేసీనావే ఇది?"

"లచ్చివారం కదేటి మావా. నీలు పోసినాను."

"సంపీసినావు! నా గుర్రాన్ని సంపీసినావు!"

ఇన్నేళ్ళలో ఆయన గొంతు పెరగడం నేను వినలేదు. వరలక్ష్మమ్మ మొహం తెల్లబోయింది. ఖాళీ గిన్నె తీసుకుపోదామని వచ్చిన నేను, అది చేతిలో పట్టుకుని గోడ పక్కన దొంగలా నిలబడ్డాను.

పశువుల డాక్టరుకి ఫోన్ చేస్తే, పదిదాకా రాలేనన్నాడు. తడి మీద కంబళి కప్పొద్దు, పడుకోనివ్వొద్దు, ఒళ్ళంతా రుద్దండి, చెవులు వేడెక్కితే బతికినట్టే అన్నాడు.

రుద్దాం. ఆయన వీపు, ఆమె పొట్ట, నేను కాళ్ళు. గోనెలు తడిసిపోతే వరిగడ్డి మెలిపెట్టి రుద్దాం. వరలక్ష్మమ్మ తన జుట్టుకి చుట్టుకున్న తువ్వాలు కూడా లాగి దాని మెడ తుడిచింది. ఎనిమిదిన్నరకి చాందిని ముందు మోకాళ్ళు వంగాయి. పడిపోతుందనుకున్నాను. "లే తల్లీ, లే," అంటూ అప్పలసూరి భుజం ఆనించి నిలబెట్టాడు. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. చెవులు చల్లగానే ఉన్నాయి. పెళ్ళివారి ఫోన్ మోగితే, "ఘోడీ నహీ ఆయేగీ, భయ్యా," గుర్రం రాదని చెప్పి పెట్టేశాడు. పెళ్ళాం వైపు మాత్రం కన్నెత్తి చూడలేదు.

తొమ్మిది దాటాక ఎండ వచ్చింది. చాందిని గట్టిగా చీదింది. మెడ వంచి ఒక గడ్డిపరక లాగింది. అప్పలసూరి దాని రెండు చెవులూ పట్టుకుని చూశాడు.

"యెచ్చబడ్డాయి," అన్నాడు.

నేను అక్కడే చతికిలబడ్డాను. వరలక్ష్మమ్మ మాత్రం గడ్డి చుట్టతో పొట్ట రుద్దుతూనే ఉంది. ఆపితే ఆయన ఏమంటాడోనని భయం. తెల్లవారుజామున తలంటుకున్న జుట్టు, ఆరబెట్టుకునే వేళే దొరకలేదు. వీపంతా తడిసి, పళ్ళు టకటకలాడుతున్నాయి. రెండున్నర గంటలుగా మా ముగ్గురిలో ఎవరమూ ఆ సంగతి చూడలేదు.

అప్పలసూరి అప్పుడు చూశాడు. ఆమె చెవి పట్టుకున్నాడు.

ఇంట్లోంచి పొడి గోనె తెచ్చి, బాల్టీ బోర్లించి ఆమెని దాని మీద కూర్చోబెట్టి, గుర్రాన్ని రుద్దినట్టే జుట్టు రుద్దడం మొదలెట్టాడు. ఆమె ఒక్కసారిగా ఏడ్చేసింది.

"మెల్లగా మావా, నాను గుర్రాన్ని కాను."

ఆయన చెయ్యి ఆగలేదు.

"నీకు సెప్పాల్సింది నానే," అన్నాడు. మళ్ళీ చెవి పట్టుకుని చూశాడు.